వెనక ముడి లేని గౌను

ఇల్వాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. ఏదో ఒక పొద్దున తను వంటగదిలో పడిపోయి మళ్లీ లేవకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు. కొడుకు ఫోల్కెకి రెండేళ్లు. బయటి తలుపు గొళ్లెం వాడికి అందదు.

ఆమె పనిలోకి రాకపోతే కుట్టుశాల యజమాని హోకన్ జలుబు చేసిందేమో అనుకుంటాడు. కరోనా వచ్చిన ఆ వసంతంలో, బూరోస్ ఊళ్లో ఎవరు కనిపించకపోయినా అందరూ అనుకునేది అదే. కనిపించకపోవడమే మర్యాద అయిపోయింది. పొద్దున్నే ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగేవాళ్లు ఇల్వాకు లేరు. అందుకని రోజూ లేవగానే రై ధాన్యపు రొట్టెల పొట్లాన్ని కింది అరలో, ఫోల్కె చేతికి అందేచోట పెడుతుంది. ప్లాస్టిక్ గిన్నెలో నీళ్లు పోసి నేల మీద ఉంచుతుంది.

“పిల్లి ఏదీ?” అంటాడు ఫోల్కె ఆ గిన్నెను చూసి.

“వస్తుంది” అంటుంది ఇల్వా.

బుధవారం ఆమె కుట్టుశాలలో గౌను నమూనాకు చేతులు అతుకుతోంది. అది మామూలుగా రైల్వే పనివాళ్లకు వానకోట్లు కుట్టే చోటు. ఆస్పత్రుల్లో వాడి పారేసే గౌన్లు అయిపోయాయి, కొత్తవి ఎక్కణ్ణుంచీ రావడం లేదు. ఉతికి మళ్లీ వాడుకునేవి కావాలని పురపాలక సంఘంవాళ్లు అడిగారు. హోకన్ ఆస్పత్రి నుంచి ఒక గౌను తెప్పించి కొక్కేనికి తగిలించాడు. దాన్ని చూసి ఇల్వా కత్తిరించింది. గట్టిగా నేసిన నీలం బట్ట. నీళ్లు చల్లితే గింజల్లా దొర్లి పడిపోవాలి. సూది గుచ్చిన ప్రతి చోటూ నీటికి దారే కాబట్టి ముందువైపు, ఛాతీ మీదా పొట్ట మీదా, ఎక్కడా కుట్టు పడనివ్వలేదు. చేతుల కుట్లు కూడా వెనక్కి తిప్పింది.

మధ్యాహ్నం వెనక గుమ్మం దగ్గర సైకిల్ గంట మోగింది. సనేలా. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి మందులేసి, స్నానం చేయించి, అన్నం పెట్టి వచ్చే ఉద్యోగం ఆమెది. గౌను వేసుకుని చూసి చెప్పమని హోకన్ ఆమెను ఒప్పించాడు.

“ఏం తల్లీ, నా పెళ్లి గౌను తయారైందా?” గుమ్మం అవతలి నుంచే అరిచింది.

“గౌను తయారైంది. పెళ్లికొడుకునే ఇంకా కుట్టలేదు.”

“వాణ్ణి కూడా వేడినీళ్లలో ఉతకడానికి వీలుగా కుట్టు. మొదటివాడు ఒక్క ఉతుక్కే వెలిసిపోయాడు.”

ఇల్వా గౌనును బల్ల మీద పెట్టి దూరంగా జరిగింది. సనేలా వచ్చి తీసుకుని చేతులు దూర్చింది. మెడ వెనక పట్టీలు, నడుం వెనక పట్టీలు అలాగే వేలాడాయి. చేతులు వెనక్కి పెట్టి తడుముకుంది. తిరిగి తిరిగి తన తోకను తనే పట్టుకోబోయే కుక్కపిల్లలా ఒక చుట్టు తిరిగింది.

“ఎవరు కడతారు నాకు ఇవి?”

“వెనకే కడతారు. ఆస్పత్రి గౌనుకు అలాగే ఉంది మరి” అన్నాడు హోకన్.

“ఆస్పత్రిలో ఇద్దరుంటారు బాబూ. నేను ఒక్కదాన్నే సైకిలేసుకుని పోతాను. ఎవరు కడతారు? బెర్టిల్ తాతా? ఆయన బూట్ల తాళ్లే నేను కడతాను.” పట్టీలను ముందే ముడేసి గౌనును తల మీంచి దించుకుంది. “ఇదిగో, ఇలా వేసుకుంటాం. తీసేటప్పుడు చూడండి.” మళ్లీ తల మీంచి లాగింది. గౌను ముందుభాగం ఆమె నోటికీ ముక్కుకీ రాసుకుంటూ పైకి పోయింది. “ఒకరి దగ్గు, ఒకరి వాంతి, అన్నీ నా మూతి మీదుగానే పోతాయి. బాగుందా?”

హోకన్ గడ్డం గోక్కున్నాడు. “శుక్రవారం సాయంత్రానికి నమూనా పంపాలి. ఇప్పుడు మార్చడమంటే…”

“నేను మారుస్తాను. ఒంటరిగా వేసుకుని ఒంటరిగా తీసుకునేలా” అంది ఇల్వా.

జిప్పు లాగేవాళ్లు లేక, వెనక జిప్పున్న బట్టలన్నీ ఆమె ఎప్పుడో ఎవరికో ఇచ్చేసింది. అందుకని పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు. మెడ వెనక పట్టీలు తీసేసి నొక్కుడు గుండీ పెట్టాలి. ముందునుంచి పట్టుకుని లాగితే అది దానంతట అదే ఊడాలి, వంగినప్పుడు మాత్రం ఊడకూడదు. నడుముకు ఒకే ఒక పొడుగాటి పట్టీ. అది పక్కనున్న కంత లోంచి దూరి, ఒళ్లంతా చుట్టుకుని ఎడమ తుంటి మీదికి రావాలి. అక్కడ సగం ముడి, ఒక కొస లాగితే జారిపోయేది.

పట్టీ కత్తిరిస్తుండగా పిల్లల బడి నుంచి ఫోన్ వచ్చింది. ఫోల్కెకి ముక్కు కారుతోంది, వచ్చి తీసుకెళ్లండి, పూర్తిగా తగ్గేదాకా పంపకండి. కాస్త ముక్కు తడైనా ఇంటికి పంపేస్తున్నారు ఆ రోజుల్లో.

“మిషనూ, ఇంకో గౌనుకు బట్టా ఇంటికి పట్టుకుపో. ఉతికి కూడా చూడు. ఉతికి ఆరబెట్టాక నీళ్లు నిలుస్తున్నాయో జారుతున్నాయో నాకు తెలియాలి” అన్నాడు హోకన్.

కుట్టుమిషన్‌ను తోపుడుబండిలో కూర్చోబెట్టి బెల్టు పెట్టి, ఫోల్కెను నడిపించుకుంటూ ఇల్వా ఇంటికి వెళ్లింది. తన బండిలో కూర్చున్న ఆ మిషన్‌ను ఫోల్కె దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు.

ఆ ఇళ్లన్నిటికీ కలిపి బట్టలుతికే గది ఒకటే. అది నేల కింద ఉంటుంది, ఉతికే మిషనూ వేడిగాలితో ఆరబెట్టే డ్రయ్యరూ అందులోనే. గది బయట ఒక బోర్డు, దాని నిండా వారాలకూ గంటలకూ కంతలు. ఒక్కో ఇంటికి ఒక్కో చిన్న తాళం. ఎవరు ఏ కంతలో తాళం పెడితే ఆ సమయం వాళ్లది. ఇల్వా తాళం శనివారం దగ్గర ఉంది. గురువారం పొద్దుటి కంతలో మైకెన్ తాళం ఉంది. మైకెన్ సరిగ్గా ఇల్వా వంటగది కిందే ఉంటుంది, ఒంటరి ముసలావిడ. ఇల్వా ఆ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ ఆ తాళం ఆ కంత వదిలింది లేదు. వాళ్లిద్దరి మధ్య మాటలు కూడా చీటీల మీదే నడిచాయి. ‘డ్రయ్యర్ జల్లెడలో నూగు వదిలేసినవారు తమ ఇంట్లో కూడా ఇలాగే వదిలేస్తారా? – మైకెన్.’ ‘నేల తుడవడానికి కర్ర ఉన్నది. వాడినందువల్ల అరగదు. – మైకెన్.’ ఒకసారి ఇల్వా చీటీ మీదే ‘మన్నించాలి’ అని రాసి పెట్టింది. దాని కింద మర్నాడు ‘మంచిది’ అని ఉంది.

గురువారం ఇల్వా గౌను పట్టుకుని, ఫోల్కెను చంకనేసుకుని బోర్డు ముందు నిలబడింది. సొంతదారు రాకపోతే అరగంట ఆగి ఎవరైనా వాడుకోవచ్చు, అదీ నియమం. ఆగింది. మైకెన్ రాలేదు. ముసలివాళ్లను గడప దాటొద్దని రేడియోలో రోజూ చెబుతున్నారు, అందుకే రాలేదులే అనుకుంది. అదృష్టమే అనిపించింది. గౌనును మిషన్‌లో వేసి వేడి పెంచింది.

ఉతికాక డ్రయ్యర్‌లో వేడిగా తిప్పితేనే ఆ బట్టకు నీటిని విదిల్చే గుణం తిరిగొస్తుంది. ఉతకడం, తిప్పడం, మళ్లీ ఉతకడం. మధ్యమధ్య పైకీ కిందికీ. చివరిసారి ఫోల్కె మెట్ల మీద కూలబడి ఏడుపు అందుకుంటే, డ్రయ్యర్ జల్లెడలో నీలం నూగు దిండులా పేరుకుని ఉండగానే తలుపు లాగేసి పైకి వచ్చేసింది. రేపు చీటీ తప్పదు అనుకుంది.

ఇంట్లో గౌను వేసుకుంది. వెచ్చగా ఉంది. మెడ వెనక గుండీ నొక్కింది, పట్టీని కంతలోంచి లాగి చుట్టి తుంటి మీద సగం ముడి వేసింది. వంగింది, కూర్చుంది, ఫోల్కెను ఎత్తి దించింది. గుండీ ఊడలేదు. అప్పుడు పట్టీ కొస లాగి, ఛాతీ దగ్గర బట్ట పట్టుకుని ముందుకి గుంజింది. ఠప్‌మని మెడ వెనక గుండీ ఊడి, గౌను లోపలివైపు బయటికి తిరుగుతూ చేతుల్లోకి జారి వచ్చేసింది.

ఫోల్కె పడీ పడీ నవ్వాడు. “మళ్లీ!”

మళ్లీ వేసుకుంది. ఠప్. “మళ్లీ!” వాడు కాళ్లు నేలకేసి దబదబా కొడుతూ బల్ల చుట్టూ పరుగెత్తాడు. ఆమె కూడా నవ్వుతూ వాడి వెంట పడింది.

అప్పుడు వినిపించింది. వంటగది గోడవారన కింది ఇంటి నుంచి పైకి వచ్చే వేడినీళ్ల గొట్టం మీద, టంగ్ టంగ్ టంగ్.

ఇల్వా ఆగిపోయింది. ముఖం వేడెక్కింది. గోల ఎక్కువైతే ఆ ఇళ్లల్లో గొట్టం మీదే కొడతారు. తలుపు దాకా ఎవరూ రారు. పైగా ఆవిడ గురువారాన్ని తను తీసుకుంది, కింద మిషన్ తిరుగుతున్న చప్పుడు ఆవిడకు వినిపించే ఉంటుంది.

“ష్… నాన్నా, కింద అవ్వకు కోపం వచ్చింది. మెల్లగా, పిల్లిలా నడవాలి.”

“పిల్లి ఏదీ?”

“నువ్వే పిల్లివి.” వాడి కాళ్లకు ఉన్ని మేజోళ్లు రెండు జతలు తొడిగింది. కుర్చీల కింద గుడ్డలు పెట్టింది. రెండో గౌను కుట్టడానికి మిషన్ మూత తీయబోయి మళ్లీ మూసేసి, సూది దారం పట్టుకుంది. గొట్టం మళ్లీ మోగింది. ఇప్పుడేం చేశామని? ఫోల్కెను ఒళ్లో కూర్చోబెట్టుకుని నోటి మీద వేలుంచింది. కాసేపు ఆగి ఆగి మోగింది, ఆ తర్వాత ఒక్కొక్కటిగా, ఆ తర్వాత చాలాసేపటికి ఒకటి. ఇంట్లో చీమ చిటుక్కుమనడం లేదు. సాయంకాలానికి గొట్టం ఊరుకుంది.

హమ్మయ్య, శాంతించింది అనుకుంది ఇల్వా.

శుక్రవారం పొద్దున ఆమె చీటీ కోసం కిందికి వెళ్లింది. ఏం రాసి ఉంటుందో దారిలోనే ఊహించుకుంది. సమాధానం కూడా సిద్ధం చేసుకుంది: పిల్లవాడు ఏడ్చాడు, ఇకమీదట జాగ్రత్తపడతాను.

చీటీ లేదు. డ్రయ్యర్ మీదా లేదు, తలుపు మీదా లేదు, బోర్డు మీదా లేదు. జల్లెడ లాగి చూసింది. నీలం నూగు నిన్నటిది నిన్నటిలాగే ఉంది, దిండులాగా.

మైకెన్ రోజూ సాయంత్రం కిందికి దిగి జల్లెడ చూస్తుంది. తన రోజు కాకపోయినా చూస్తుంది. గడప దాటొద్దన్నా చూసింది, మొన్న సోమవారం కూడా ఎవరికో చీటీ పెట్టింది. ఇల్వా ఆ నూగును చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. గొట్టం మీద ఆ చప్పుడు ఒక్కొక్కటిగా ఎలా తగ్గిందో చెవిలో మళ్లీ వినిపించింది. కోపం వచ్చినవాళ్లు అలా కొట్టరు.

మెట్ల పక్కన బండిలో ఫోల్కె రొట్టె నములుతున్నాడు. ఆమె పైకి వచ్చి మైకెన్ తలుపు తట్టింది. ఆ తలుపు తట్టడం అదే మొదటిసారి. ఇంకోసారి తట్టింది. మోకాళ్ల మీద కూర్చుని, ఉత్తరాలు వేసే కంత రేకు ఎత్తింది. లోపల్నుంచి ఉతకాల్సిన బట్టల వాసన వచ్చింది.

“మైకెన్? పైనుంచి ఇల్వాను.”

దూరం నుంచి పొడి గొంతు పలికింది.

“నిన్న మిషన్ వేసింది నువ్వేనా?”

“అవునండీ. మన్నించండి…”

“అరగంట ఆగావా?”

“ఆగాను.”

“అయితే సరే.” ఊపిరి తీసుకుంది. “నేను లేవలేకపోతున్నాను.”

ఇల్వా ఫోన్ తీసి అంబులెన్స్‌కు చేసింది. అవతలివాళ్లు అడిగారు, దగ్గుందా, జ్వరముందా అని. తెలియదంది. వస్తున్నాం, కాస్త సమయం పడుతుంది, మీరు లోపలికి వెళ్లకపోవడమే మంచిది అన్నారు. ఆమె బండిలోకి చూసింది. ఫోల్కె ముక్కు ఎర్రగా ఉంది. పైకి పరుగెత్తి, కొక్కేనికున్న ఉతికిన గౌనును లాక్కుని మెట్ల మీదే వేసుకుంది. గుండీ పడింది, పట్టీ తిరిగింది, ముడి నిలిచింది. మాస్కు, చేతి తొడుగులు. తలుపు ఎలా తెరవాలి, పగలగొట్టాలా, ఎవరిని పిలవాలి అనుకుంటూ ఊరికే పిడి నొక్కి చూసింది.

తలుపు తెరుచుకుంది. తాళం వేసి లేదు.

లోపల గుమ్మం దగ్గరే బట్టల బుట్ట. గురువారం పొద్దున కిందికి వెళ్లబోతూ మైకెన్ గొళ్లెం తీసింది. సబ్బు పొడి మరిచిపోయానని వంటగదిలోకి వెనక్కి వెళ్లింది. అక్కడే గొట్టం పక్కన పక్కకి ఒరిగి పడి ఉంది, పొడి నేలంతా తెల్లగా ఒలికి. చేతిలో బట్టల గది తాళంచెవి ఇంకా ఉంది. గొట్టం మీద రంగు ఆ తాళంచెవితో గీరుకుపోయింది.

ఇల్వా పక్కన కూర్చుంది. దిండు తెచ్చి తల కింద పెట్టింది, దుప్పటి కప్పింది. చెంచాతో పెదాల మీద నీళ్లు తడిపింది. మైకెన్ కళ్లు ఆ నీలం గౌను మీద తిరిగాయి.

“ఎవరు కుట్టారు?”

“నేనే.”

వేళ్లతో అంచు పట్టుకుని చూసింది. “అంచు మెలిపడింది.”

“తెలుసు. మళ్లీ కుడతాను.”

మైకెన్ అంది, “నేను కొట్టాను.”

“విన్నాను.”

“విన్నావా?”

ఇల్వా చేతిలో చెంచా ఆగిపోయింది. “మావాడి గోలకి కోప్పడుతున్నారనుకున్నాను. అందుకే చప్పుడు చెయ్యకుండా…”

“ఓ” అంది మైకెన్. కళ్లు మూసుకుంది. “వాడి అడుగులు వినిపిస్తూ ఉండేవి. పైన మనుషులున్నారు, వస్తారులే అనుకున్నాను. తర్వాత అడుగులు ఆగిపోయాయి. తలుపు వేసుకుని మీరు ఎటో వెళ్లిపోయారనుకున్నాను.” ఇంకోసారి ఊపిరి తీసుకుంది. “ఇల్లు ఖాళీ అయితే ఇంక కొట్టి ఏం లాభం?”

బయట బండిలోంచి ఫోల్కె “అమ్మా!” అని అరిచాడు. మైకెన్ తల కొద్దిగా అటు తిప్పింది. “అరవనీ” అంది.

అంబులెన్స్‌లో ఇద్దరు వచ్చారు, ఒక పొడుగాటి కుర్రవాడూ ఒక ఆవిడా. గుమ్మంలో ఆగి గౌన్లు వేసుకున్నారు. అతను వీపు చూపించాడు, ఆవిడ ముళ్లు వేసింది. ఆవిడ తిరిగింది, అతను వేశాడు. వేసి, సరిగ్గా ఉందన్నట్టు భుజం మీద ఒక దెబ్బ వేశాడు. ఇల్వా ఆ దెబ్బనే చూస్తూ నిలబడింది. వాళ్లు మైకెన్‌ను ఎత్తి తీసుకెళ్లారు. తుంటి విరిగింది, ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నట్టున్నాయి అని ఆవిడ చెప్పింది. చూడ్డానికి రావచ్చా అంటే, ఇప్పుడెవరినీ రానివ్వడం లేదండీ అంది.

మెట్ల దగ్గర ఒక్కతే మిగిలాక, ఇల్వా చేతి తొడుగులు తీసింది, పట్టీ కొస లాగింది. ఛాతీ దగ్గర పట్టుకుని గుంజింది. ఠప్. గౌను తిరగబడి చేతుల్లోకి వచ్చింది.

“మళ్లీ!” అన్నాడు ఫోల్కె చప్పట్లు కొడుతూ.

ఆ సాయంత్రం రెండో నమూనా హోకన్ చేతికి వెళ్లింది. దాని అంచు కూడా విప్పి మళ్లీ కుట్టాకే ఇచ్చింది.

మరుసటి వారం ఫోల్కెకి ముక్కు తగ్గింది, ఇల్వా కుట్టుశాలకు వెళ్లింది. నమూనా ఖాయమైంది. బల్లల మీద నీలం బట్ట తానులు తానులుగా పరిచి ఉంది. వెనక గుమ్మం దగ్గర సైకిల్ గంట మోగింది.

“తల్లీ, నువ్వు బంగారం! ఒక్కదాన్నే వేసుకున్నాను, ఒక్కదాన్నే తీశాను. మూతికి తగల్లేదు, వంగితే ఊడలేదు. బెర్టిల్ తాత గుండీ చప్పుడికి తుపాకీ అనుకుని మంచం దిగబోయాడు.” సనేలా నవ్వింది. “ఇంక నాకు ఎవరితోనూ పని లేదు. ఎవరూ అక్కర్లేదు!”

“అవును” అంది ఇల్వా.

“ఏంటి, మొహం అలా పెట్టావ్? పొగిడాను కదే!”

“సనేలా, నువ్వు రోజూ పొద్దున…” ఇల్వా ఆగింది. రోజూ పొద్దున ఒక్క ఫోన్ చేస్తావా, నేను ఎత్తకపోతే వచ్చి చూస్తావా అని అడగాలనుకుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ సనేలా అప్పటికే ఒక కాలు పెడల్ మీద పెట్టి గడియారం చూసుకుంటోంది. ఆమె కోసం ఇళ్లల్లో ముసలివాళ్లు ఎదురుచూస్తున్నారు. “రోజూ పొద్దున సైకిల్ మీదేనా?”

“మరి గుర్రం మీదా? పోతున్నా!” గంట కొడుతూ వెళ్లిపోయింది.

మైకెన్ ఆస్పత్రి నుంచి నేరుగా వృద్ధాశ్రమానికి వెళుతుందని, ఇక్కడికి రాదని భవనం చూసుకునే మనిషి చెప్పాడు. చెబుతూనే బోర్డు మీది ఆమె తాళాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. గురువారం పొద్దుటి కంత ఖాళీగా ఉంది. శనివారం నుంచి దానిలోకి మారడం ఇల్వాకు సుళువే. మారలేదు. డ్రయ్యర్ జల్లెడను మాత్రం రోజూ సాయంత్రం కిందికి దిగి చూసి వస్తోంది.

ఇంట్లో ఫోల్కెకి ఇప్పుడు మేజోళ్లు ఒక్క జతే. పరుగెత్తుతాడు, దూకుతాడు, అరుస్తాడు. చెంచాతో వేడినీళ్ల గొట్టం మీద కొట్టి, చెవి ఆనించి ఆగుతాడు. కింద ఇంట్లో ఎవరూ లేరు. మళ్లీ కొడతాడు. ఇల్వా వద్దనదు. పొద్దున్నే రై రొట్టెల పొట్లం కింది అరలో పెట్టి, గిన్నెలో నీళ్లు పోసి నేల మీద ఉంచుతుంది.

ఆమె అడగలేకపోయిన మాట నేను అడుగుతున్నాను. మీరు ఆ మెట్లు ఎక్కి దిగేవారైతే, ఏ పొద్దునైనా రెండో అంతస్తు ఎడమవైపు ఇంట్లో పిల్లవాడి అడుగుల చప్పుడు వినిపించకపోతే, లేదా గొట్టం మీద చెంచా మోగుతూ మోగుతూ మెల్లగా తగ్గిపోతుంటే, దయచేసి ఒకసారి ఆగి ఆ తలుపు తట్టి చూడండి. పలకకపోతే ఇంకోసారి తట్టండి. ఫోల్కెకి గొళ్లెం ఇంకా అందదు.